విదేశీ ప్రోటీన్‌కు రంగు రాదు

గురుకులం
జూలై 6, 2025

నగేష్ అన్నకు నమస్తే.

హాస్టల్ ఫోన్ మళ్లీ పాడైంది, అందుకే ఉత్తరం. బాగున్నప్పుడు మాత్రం ఏం లాభం? వరసలో నిలబడి నా వంతు వచ్చేసరికి స్టడీ అవర్ బెల్లు కొడతారు. పైగా నేను అడగాల్సింది ఒక్క నిమిషంలో తేలేది కాదు.

సెప్టెంబర్‌లో సైన్సు ప్రదర్శన ఉంది. పదో తరగతి వాళ్లకు రాకెట్ వచ్చింది. మా తొమ్మిదో తరగతికి మంజుల మేడం ప్రోటీన్లు ఇచ్చారు. అవి ఒంట్లో చేసే పనులేమిటి, వాటిని కట్టే అమినో ఆమ్లాలేమిటి, చార్టు మీద చూపించాలి. "మేడం, రాకెట్ అయితే తయారు చేసి చూపిస్తరు. ప్రోటీన్‌తోని ఏం తయారు చేయాలె?" అని అడిగాను. "నువ్వే తయారై నిలబడ్డవ్ కదనే" అన్నారు. అందరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు.

మన ఇంట్లో చదివినవాడివి నువ్వు. కోచింగ్‌లో జనరల్ సైన్సు కూడా చెబుతారు కదా. నాకు తేలికగా అర్థమయ్యేలా రాయి. నేను ఈసారి జోన్ ఆటల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగుకు ఎంపికయ్యాను. మహేశ్వరి కూడా. మహేశ్వరి అంటే నా పక్క మంచం అమ్మాయి, పోయినసారి నీకు చెప్పాను.

నీ చెల్లె
భవ్య


అశోక్‌నగర్
జూలై 14

చెల్లె భవ్యను అన్న దీవించి రాయునది.

నువ్వు అడగాల్సిన మనిషినే అడిగావు. ఎందుకో చెబుతాను. నేనిప్పుడు పొద్దున లైబ్రరీలో చదువుకుని, మధ్యాహ్నం నుంచి నారాయణగూడలో ఒక సంస్థలో పోషకాహార సలహాదారుగా చేస్తున్నాను. సంస్థ అంటే దుకాణమే అనుకో, కానీ ఏసీ ఉంది. కండలు పెంచే పొడులు అమ్ముతాం. అమ్మానాయినలకు మాత్రం ఆఫీసు అని చెప్పు. అబద్ధమేమీ కాదు, వెనక గదిలో టేబుల్ ఉంది.

ఇక ప్రోటీన్. ఒళ్లు ఒక రాష్ట్రం అనుకో. రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది, అది ఆర్టీసీ. ప్రాణవాయువును ఎక్కించుకుని ప్రతి ఊళ్లో దించుతుంది. రోగాలతో కొట్లాడే యాంటీబాడీలు పోలీసు శాఖ. తిన్నదాన్ని అరిగించే ఎంజైములు మున్సిపాలిటీ. కబురు మోసే ఇన్సులిన్ తపాలా. చర్మాన్ని, ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్ రోడ్లు భవనాలు. ఇవన్నీ ప్రోటీన్లే. శాఖలు వేరు, ఉద్యోగులు మాత్రం అవే ఇరవై రకాల అమినో ఆమ్లాలు. ఎవరిని ఏ వరసలో కూర్చోబెట్టారన్న దాన్నిబట్టి శాఖ మారుతుంది. ఈ ముక్క పరీక్షలో రాస్తే ఐదుకు ఐదు.

పరుగు సంగతి. హాస్టల్ గుడ్డును నమ్ముకుంటే కాదు. మా దగ్గర కండబలం గోల్డ్ అని ఉంది, విదేశీ సరుకు. డబ్బా మీద తెల్లోడి కండలు చూస్తేనే సగం బలం వస్తుంది. ఒక చెంచా నాలుగు గుడ్లతో సమానం. నాయిన నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు డబ్బా పంపిస్తాను. నా రూంమేట్ ఎల్లేష్ కానిస్టేబుల్ పరుగు కోసం రోజూ తాగుతున్నాడు. మా మెస్ పప్పులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు, దాంతో ఎవడు పరిగెత్తుతాడు?

మొన్న హిమాయత్‌నగర్ నుంచి ఒక ఆఫీసరు వచ్చి, "తమ్మీ, ఇది తాగితే పొట్ట తగ్గుతదా, కండ పెరుగుతదా?" అని అడిగాడు. "రెండూ సార్" అన్నాను. రెండు డబ్బాలు కొన్నాడు. మా ఓనర్ నరేంద్ర అన్న నా భుజం తట్టి, "నగేశూ, నీకు నోరు మంచిగున్నది. గ్రూప్స్ ఎందుకురా నీకు?" అన్నాడు.

మంచిగా చదువుకో.

అన్న
నగేష్


గురుకులం
ఆగస్టు 3

నగేష్ అన్నకు,

డబ్బా అందింది. నాయిన దాన్ని బస్సులో పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. మా రూంలో పిల్లలందరూ తెల్లోడి బొమ్మను చూసి సిగ్గుపడి గోడ వైపు తిప్పి పెట్టారు. రోజూ పొద్దున ఒక చెంచా తాగుతున్నాను. పాలలాగా తెల్లగా ఉంటుంది, కొంచెం గంజి వాసన వస్తుంది. విదేశీది కదా, అలవాటు కావాలి.

నాలుగు గుడ్ల బలం ఒక్క చెంచాలో వస్తున్నప్పుడు హాస్టల్ గుడ్డు తినడం దండగ కదా. నా గుడ్డు మహేశ్వరికి ఇచ్చేస్తున్నాను. పాపం దానికి అన్న లేడు.

నీ శాఖల లెక్క మేడంకు చెప్పాను. చాలా నచ్చింది. వరస గురించి మేడం ఇంకోటి చెప్పారు. బోర్డు మీద 'పలక' అని రాసి, అవే అక్షరాలు తిప్పి 'కలప' అని రాశారు. "అక్షరాలు అవే, వస్తువు వేరే. అమినో ఆమ్లాలు గట్లనే" అన్నారు. చార్టు మీద అది కూడా పెడుతున్నాం.

ఒక అనుమానం. ఇరవైలో తొమ్మిదింటిని 'ఆవశ్యక అమినో ఆమ్లాలు' అంటారట. మిగతా పదకొండు అవసరం లేనివా? లేనివైతే ఎందుకున్నాయి? మేడంను అడుగుదామనుకున్నాను, కానీ నీకు తెలిసే ఉంటుంది.

పరుగులో కొంచెం వెనకబడుతున్నాను. పొడి తాగాక కడుపు నిండుగా ఉండి అన్నం సగమే తినబుద్ధవుతోంది. బలం పట్టడానికి టైం పడుతుంది కదా అన్నా?

భవ్య


అశోక్‌నగర్
ఆగస్టు 13

చెల్లెకు,

నీ అనుమానం చూసి గర్వపడ్డాను. అందరూ పొరబడే చోటు అదే. పదకొండు కూడా కావాల్సినవే, కాకపోతే ఒళ్లే తయారు చేసుకుంటుంది. అంటే అవి శాఖలోనే ప్రమోషన్ మీద భర్తీ అయ్యే పోస్టులు. ఆ తొమ్మిది మాత్రం డైరెక్ట్ రిక్రూట్‌మెంట్. తిండి ద్వారా బయటి నుంచే రావాలి. అందులో ఒక్క పోస్టు ఖాళీగా ఉన్నా ఫైలు కదలదు, ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని ఖాళీ ఇంకొకటి నింపుతుంది. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే మాలాంటి వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

వెనకబడుతున్నానని బెంగపడకు. కొత్త కండ వచ్చేటప్పుడు ఒళ్లు బరువెక్కుతుంది. ఎల్లేష్‌కూ అంతే. అడిక్‌మెట్ దగ్గర యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరిగెత్తుతుంటే ఇంతకుముందు వాడి వెనక ఉన్నవాళ్లు ఇప్పుడు ముందున్నారు. "అన్నా, జర పరేషాన్ అయితున్నది" అన్నాడు. "శక్తి లోపల జమ అవుతోంది, ఒకేసారి బయటికి వస్తుంది" అని ధైర్యం చెప్పాను. నువ్వు కూడా రెండు చెంచాలు చెయ్యి. గుడ్డు మహేశ్వరికి ఇవ్వడం మంచి పని. మనకున్నప్పుడు నలుగురికీ పెట్టాలి.

దుకాణంలో నా ఫొటో పెట్టారు, మెడలో స్టెతస్కోపుతో. స్టెతస్కోపు ఎవరిదో నాకు తెలియదు. ఫొటో దిగాక తీసేసుకున్నారు.

అన్న
నగేష్


గురుకులం
ఆగస్టు 31

నగేష్ అన్నకు,

ఈ ఉత్తరం రాయాలంటే చెయ్యి రావట్లేదు.

జోన్ ఆటలు అయిపోయాయి. మహేశ్వరి రెండో స్థానంలో వచ్చింది. నేను చివర వచ్చాను. రావడం కూడా కాదు, గీతకు కొంచెం ఇవతల కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయి. నర్సక్క కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువున్నది. ఏం తింటున్నవే?" అని అడిగింది. మిగతా పిల్లలకు లేనిది నేను తాగుతున్నానని చెబితే బాగుండదని అన్నీ తింటున్నానన్నాను.

అది పోనీ. అసలు కష్టం ఇది. ప్రదర్శనలో తిండి పదార్థాల్లో ప్రోటీన్ ఉందో లేదో పరీక్ష చేసి చూపిస్తాం. మైలుతుత్తం నీళ్లు, కాస్టిక్ సోడా కలిపితే ప్రోటీన్ ఉన్నది ఊదా రంగుకు మారుతుంది. గుడ్డు తెల్లసొన మారింది. పాలు మారాయి. మా హాస్టల్ పప్పు కూడా మారింది. అన్నిటికంటే ఎక్కువ రంగు వస్తుందని నీ పొడిని చివరికి దాచాను. అందరినీ పిలిచి పోశాను. రంగు రాలేదు.

మేడం అదే పొడి మీద అయోడిన్ చుక్క వేశారు. అది పిండిపదార్థానికి చేసే పరీక్ష. నల్లగా, నీలంగా అయిపోయింది. పిల్లలు నవ్వారు. రసాయనాలు పాడయ్యాయని చెప్పాను. మేడం కొత్త సీసాలు తెచ్చి మళ్లీ చేశారు. అదే జరిగింది. "మీ అన్నకు రాసి అడుగు" అన్నారు.

అన్నా, నేనే ఏదో తప్పుగా కలిపి ఉంటాను. ఖరీదైన పొడి రెండు చెంచాలు పాడు చేశాను, తిట్టకు. కలిపే పద్ధతి రాయి. ప్రదర్శన పదిహేనో తారీఖు.

భవ్య


అశోక్‌నగర్
సెప్టెంబర్ 5

చెల్లెకు,

మీ మేడం మీద నాకు గౌరవం ఉంది. కానీ జిల్లా గురుకులంలో సీసా పట్టుకుని ప్రపంచ స్థాయి సరుకును పరీక్ష చేస్తే ఇలాగే ఉంటుంది. విదేశీ ప్రోటీన్‌కు రంగు రాదు. అది శుద్ధి చేసినది. రంగు వచ్చేది నాటు ప్రోటీన్‌కు. ఈ మాట మేడంతో చెప్పు, ప్రదర్శనలో ఎవరైనా అడిగితే కూడా ఇదే చెప్పు, ధైర్యంగా. తెలియనివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నేను ఇక్కడ ఎంతమందికి సలహాలిస్తున్నానో నీకు తెలుసు కదా.

పరుగు పోతే పోయింది, వచ్చే ఏడు ఉంది. ఒంట్లో ఎలా ఉందో రాయి.

నీ అన్న
నగేష్

మరిచాను: ఆ అయోడిన్ అంటే దెబ్బలకు పూసేదేనా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకొకటి: గుడ్డు ఇకనుంచి నువ్వే తిను. ఇది కూడా ఊరికే.


గురుకులం
సెప్టెంబర్ 17

నగేష్ అన్నకు,

ప్రదర్శన అయిపోయింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

జిల్లా నుంచి ముగ్గురు సార్లు వచ్చారు. శాఖల చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అనగానే ఒక సార్ పెద్దగా నవ్వి, "మస్తు చెప్పినవ్ బిడ్డా" అన్నారు. పలక, కలప కూడా చదివారు. అప్పుడు ఇంకో సార్ వరసలో చివర ఉన్న గ్లాసు చూపించి, "దీనికెందుకు రంగు రాలె?" అని అడిగారు. మేడం చెప్పబోయారు. నేను ముందే అందుకుని, "విదేశీ ప్రోటీన్‌కు రంగు రాదు సార్" అన్నాను.

"ఎవరు చెప్పింరు?"

"మా అన్న సార్. హైదరాబాదుల పోషకాహార సలహాదారు."

ముగ్గురూ నవ్వారు. వాళ్లను చూసి పదో తరగతి వాళ్లు నవ్వారు. పక్కనే మేడం అయోడిన్ వేసి పెట్టిన గ్లాసును ఒక సార్ ఎత్తి వెలుతురులో చూసి, "మంచి పిండి. ఉగ్గు పెట్టొచ్చు" అన్నారు. రాకెట్‌కు మొదటి బహుమతి వచ్చింది. దాన్ని దారం కట్టి లాగితే లేచింది, అయినా వచ్చింది.

నాకు బాధ లేదు అన్నా. వాళ్లకు శుద్ధి చేసిన ప్రోటీన్ గురించి తెలియదు, అంతే. మహేశ్వరి కూడా, "మీ అన్నకే తెల్వదేమోనే" అన్నది. దానితో మాటలు బంద్ చేశాను. గుడ్డు తిరిగి అడిగితే ఇచ్చింది, కానీ మాటలు బందే.

వచ్చే నెల రెండో ఆదివారం చూడ్డానికి వచ్చే రోజు. ఈసారి నాయిన వద్దు, నువ్వు రా. మేడంకు, క్లాసుకు నువ్వే వివరంగా చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు. అందరితో నువ్వు వస్తున్నావని చెప్పేశాను.

భవ్య


అశోక్‌నగర్
సెప్టెంబర్ 28

భవ్యా,

వస్తున్నాను. అంతకుముందే నీకు కొన్ని సంగతులు తెలియాలి.

ఐదో తారీఖు ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే చిక్కడపల్లిలో మందుల షాపుకు వెళ్లి అయోడిన్ సీసా కొన్నాను. రూంకు వచ్చేసరికి ఎల్లేష్ గ్లాసులో పొడి కలుపుకుంటున్నాడు. అందులో ఒక చుక్క వేశాను. నల్లబడింది.

"ఏందన్నా గిది, సిరా పోసినవా?" అన్నాడు.

గ్లాసు సరిగా కడగలేదేమో అన్నాను. కడిగి మళ్లీ చేశాం. మెస్ నుంచి తెచ్చిన అన్నం మీద వేస్తే అదే నలుపు. ఉడికిన గుడ్డు తెల్లసొన మీద వేస్తే అయోడిన్ రంగే తప్ప నలుపు రాలేదు. ఎల్లేష్ మూడింటినీ వరసగా పెట్టి చాలాసేపు చూసి, "అంటే అన్నా, నేను రెండు నెల్ల సంది అన్నంల అన్నం కలుపుకొని తింటున్ననా?" అన్నాడు. వాడు తిట్టలేదు. డబ్బా తీసి నా మంచం మీద పెట్టి పడుకున్నాడు.

మర్నాడు నరేంద్ర అన్నకు చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి నవ్వాడు.

"పిండి తింటే సచ్చిపోతరార? మీ తాత ఏం తిన్నడు? పిండే. ఎన్నేండ్లు బతికిండు?"

"డబ్బా మీద ప్రోటీన్ అని ఉన్నది కదన్నా."

"అది నేన్ రాసిన్నా? ప్రింటోడు రాసిండు. డబ్బాలు ముషీరాబాద్ గోదాముల నింపుతరు, వచ్చినయ్ వచ్చినట్టు అమ్ముతున్న. జర సోంచాయించు నగేశూ, నీ ఫొటో గూడ పెట్టిన."

ముషీరాబాద్ మా రూం నుంచి నడిచిపోయేంత దూరం. అంత విదేశం అది.

ఆ రోజే నీకు రాయాల్సింది. రాయలేదు. ఉత్తరం ప్రదర్శనలోపు చేరదులే అనుకున్నాను. చేరేది. తపాలా శాఖ నేను అనుకున్నదానికంటే మంచిగానే పనిచేస్తోంది. ఉద్యోగం మానేయనూ లేదు. కండబలం ఒక్కటి పక్కనబెట్టి మిగతావి అమ్ముకుందామని రోజూ వెళ్లాను. ఫొటో కింద నిలబడి అమ్ముతూనే ఉన్నాను.

నీ పదిహేడో తారీఖు ఉత్తరం దుకాణానికి బయల్దేరుతుంటే వచ్చింది. జేబులో పెట్టుకుని వెళ్లి అక్కడే చదివాను. అదే సమయానికి ఒక తల్లి వచ్చింది. "మా పాప నీరసంగ ఉంటున్నది సార్. పెద్ద మనిషి అయింది మొన్ననే. ఏది మంచిది?" అని అడిగింది. నన్ను సార్ అన్నది. పై షెల్ఫు నుంచి కండబలం చేతిలోకి వచ్చింది కూడా. అలవాటు. దాన్ని కింద పెట్టి, "అక్కా, దీంట్ల ఏం లేదు. గుడ్లు పెట్టు, పప్పన్నం పెట్టు, పల్లీలు పెట్టు. పాపను డాక్టరుకు చూపెట్టు" అన్నాను. నరేంద్ర అన్న వెనకే ఉన్నాడు.

నన్ను తీసేశాడనడం సరికాదు. నేను మానేశాననడమూ సరికాదు. ఇద్దరం ఒకేసారి అన్నాం.

నిన్న ఆ దారిన పోతూ చూశాను. అవే డబ్బాలు, అదే తెల్లోడు. పేరు మాత్రం ఎనర్జీ గోల్డ్. ప్రోటీన్ అన్న మాట తీసేశారు. నా పరీక్ష వల్ల కలిగిన మేలు అది. ఇప్పుడు డబ్బా మీద ఉన్నదంతా నిజమే, ధర మాత్రం మారలేదు. నా ఫొటో ఉన్నచోట ఇంకో సలహాదారు ఉన్నాడు. స్టెతస్కోపు అదే.

మహేశ్వరితో మాట్లాడు. తను అన్నది సరైన మాట.

నగేష్


గురుకులం
అక్టోబర్ 19

నగేష్ అన్నకు,

నువ్వు వచ్చి వెళ్లి వారమైంది. వెంటనే రాయకపోవడానికి కారణం కోపం.

నీ ఉత్తరం చదివినప్పుడు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, పోయింది. నువ్వు వచ్చాక మేడం, "వీళ్ల అన్న" అని ఇంకా పరిచయం చేస్తూనే ఉన్నారు. అంతలో నువ్వు నిలబడి, "మీ మేడం చేసింది కరెక్టు. నాకు తెలియక రాసిన. మా చెల్లెను చూసి ఎవ్వరూ నవ్వొద్దు" అన్నావు. నాకు అక్కడే మండింది. నెల రోజులు నీ తరఫున నేను అందరితో కొట్లాడాను. నువ్వేమో బస్సు దిగి ఒక్క మాటలో వాళ్ల వైపు చేరిపోయావు. నేను ఒక్కదాన్నే ఇటు మిగిలాను.

మహేశ్వరి లేచి, "అయితే మీరు సలహాదారు కాదా అన్నా?" అని అడిగినప్పుడు నీ చెవులు ఎర్రబడ్డాయి. "ఉంటిని. ఇప్పుడు కాదు" అన్నావు. మేడం సీసాలు నీ చేతికే ఇచ్చి పరీక్ష చేయమన్నారు. సగం నీళ్లు బల్ల మీద పోశావు. అయినా పప్పు ఊదా రంగుకు మారగానే అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నువ్వు నావైపు చూశావు. నేను కిటికీ వైపు చూస్తున్నాను. అది కావాలనే.

మిగిలిన పొడిని వంటక్క ఉడకబెట్టి బంక చేసింది. చార్టులన్నీ దానితోనే గోడకు అంటించాం. బాగా పట్టింది. మూడు రోజులు వాన పడినా ఒక్కటి ఊడలేదు. మేడం, "మీ అన్న ఇంకో డబ్బా పంపుతడా?" అని అడిగారు. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అడిగారు.

నర్సక్క ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. గుడ్డు తింటున్నాను, అన్నం పూర్తిగా తింటున్నాను. పరుగులో మహేశ్వరి ఇంకా నాకంటే ముందే ఉంది, కానీ వీపు కనబడేంత దగ్గరలో ఉంది. మాట్లాడుకుంటున్నాం. ఎల్లేష్ అన్న పరుగు ఏమైందో రాయి.

హాస్టల్ ఫోన్ బాగైంది. నిన్న అమ్మతో మాట్లాడాను. "అన్న ఆఫీసు మానేసిండంటగా బిడ్డా, నిజమేనా? ఇప్పుడేం జేస్తుండు?" అని అడిగింది. లైబ్రరీకి పోతున్నాడని చెప్పినా, మూడేళ్లుగా వింటున్న మాటే కదా. "తెలిసింది తెలిసిందని, తెల్వంది తెల్వదని చెప్తుండమ్మా" అన్నాను.

అమ్మ, "మంచిదే. దానికి జీతం ఎంత ఇస్తరంట?" అని అడిగింది.

అంతలో వెనకవాళ్లు తొందరపెట్టారు, ఫోన్ పెట్టేశాను. మళ్లీ ఆదివారం చేస్తుంది. ఏం చెప్పమంటావో రాయి.

నీ చెల్లె
భవ్య